కొఱ్ఱ కలిపిన చుట్టరికము

కర్నూలు, కడప హోటళ్లలో కుటుంబములు విందునకు కూర్చున్నప్పుడు చైనా వంటకమనగానే పిల్లలు కోరునవి నూడుల్సు, వేయించిన అన్నము. చైనీయులందఱును వరియే తిందురని మన తలంపు. కాని ఆ దేశమునకును మన సీమవంటి మెట్టప్రాంతము కలదు. ఉత్తరమున హొయాంగ్‌హో నదీతీరములలో ఏడువేల యేండ్లకు పూర్వమే కొఱ్ఱను పండించిరి. నేటికిని షాన్సీలో కొఱ్ఱజావ ఇంటింటి ఆహారము. బాలింతలకు అందులో బెల్లము కలిపి పెట్టుదురు. లాజియా అనుచోట బోర్లపడిన మట్టిపాత్ర క్రింద నాలుగువేల యేండ్లనాటి నూడుల్సు దొరకెను. వానిలో కొఱ్ఱ, వరిగల ఆనవాళ్లు కలవని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మన సీమలోనో, కర్నూలు-కడప కాలువ నీరు పారిన చేలలో వరి నిలదొక్కుకొనెను. కొఱ్ఱ మెట్టచేలకు పరిమితమై పేదవారి కూడనిపించుకొనెను. అతిథికి కొఱ్ఱన్నము వడ్డించుట చిన్నతనమైనది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము ‘సూర్యనంది’వంటి కొఱ్ఱ రకములను రూపొందించినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. పంటకు గౌరవము తిరిగివచ్చుచున్నది. పంక్తిలో ఇంకను రావలెను.

నూడుల్సుకై మారాముచేయు బాలునకు ఉపాధ్యాయులు ఈ కథ చెప్పిన చాలును. జేజి చేటలో చెఱిగిన గింజను వాడు చిన్నచూపు చూడడు.