ముదిమిలో మరపేల?

ముదిమిలో మెదడు కణములు గుంపులుగా నశించునని చాలకాలము తలచితిమి. రీసస్ కోతుల పరిశీలన వేరొక సంగతి తెలిపినది.

కోతి చూచుచుండగా రెండు గుంటలలో ఒకదానియందు పండుముక్క దాచి, రెంటిని మూసి, కొన్ని క్షణములు తెర దించుదురు. తెర తీయగానే పడుచు కోతి సరియైన గుంటను తెరచును. 20 ఏండ్లు దాటినది తరచు తడబడును.

దాని నుదుటి వెనుక మెదడులో కణములు చాలవరకు నిలిచియే యున్నవి. తరిగినవి వానిని కలుపు సంధులు. ఆ సంధులకు తావైన సూక్ష్మపు మొలకలు నూటికి 33 వంతున తగ్గినట్లు 2010లో ప్రకటితమైనది. తగ్గినవి ముఖ్యముగా సన్ననివి. క్రొత్త సంగతిని క్షణకాలము పట్టియుంచుటకు అవియే ఆధారము.

మన మెదడు కట్టడియు ఇట్టిదే. కావున తాళపుచెవి ఎక్కడ పెట్టిరో మరచిన పెద్దలను విసుగుకొనక, చెప్పినదే మరల చెప్పుదము.