మంచుదారిలో పాత కారు

'ఆ రోజుల్లో బండ్లు ఇనుముతో చేసేవాళ్లండీ, ఇప్పటివన్నీ రేకు డబ్బాలే.' అంబాసిడర్ నడిపిన తరం నోట ఈ మాట వినని తెలుగువాళ్లు తక్కువ. అమెరికాలోనూ పెద్దవాళ్లు ఇదే అంటారు. వాళ్ల అంబాసిడర్లు వేరు, అంతే. బీమా కంపెనీల డబ్బుతో నడిచే అక్కడి రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్‌కు 2009లో యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా ఈ నమ్మకం నిజమో కాదో తేల్చేద్దామనుకుంది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును వర్జీనియాలోని తన పరీక్షా కేంద్రంలో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. రెండు కార్లకూ దెబ్బ డ్రైవరు వైపే తగిలేలా ఏర్పాటు చేసింది.

బెల్ ఎయిర్ పొడవాటి బానెట్‌తో, మందపాటి బంపర్లతో చూడటానికి చిన్నపాటి యుద్ధనౌకే. గుద్దుకున్న క్షణంలో దాని డ్రైవరు గది కూలిపోయింది. స్టీరింగు వెనక్కి పొడుచుకొచ్చింది. తలుపు తెరుచుకుంది, ముందు అద్దం ఊడిపోయింది. అందులో సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. మనిషి బదులు కూర్చోబెట్టిన బొమ్మకు తగిలిన దెబ్బలు నిజంగా మనిషికి తగిలి ఉంటే బతకడం కష్టమని పరీక్షకులు తేల్చారు. మాలిబు ముందు భాగమూ నుజ్జునుజ్జయింది. కానీ లోపలి గది చెక్కు చెదరలేదు. అందులోని బొమ్మకు కాలికి ఓ మోస్తరు దెబ్బ, అంతే.

ఆ వీడియో చూసిన పాత కార్ల అభిమానులు ఒప్పుకోలేదు. ఇంజిన్ తీసేసిన డొల్ల బండి అన్నారు, తుప్పు పట్టిన బండి అన్నారు. ఇంజిన్ లోపలే ఉందని, గుద్దుకున్నప్పుడు లేచిన గోధుమరంగు మేఘం ఏళ్లతరబడి పేరుకున్న దుమ్మేనని సంస్థ జవాబిచ్చింది.

ఇంతకీ ఏది గట్టి బండి? గుద్దుకున్నా వంగని బండి అనుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతోంది. వేగంగా పోయే కారులో మనిషీ అదే వేగంతో పోతుంటాడు. కారు ఆగినప్పుడు అతనూ ఆగాలి. ఎంత దూరంలో ఆగాడన్నదే అతని ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. మేడ మీంచి సిమెంటు నేల మీద పడటానికీ గడ్డివాము మీద పడటానికీ ఉన్న తేడా ఇదే. ఆగడానికి 10 సెంటీమీటర్ల బదులు 60 సెంటీమీటర్లు దొరికితే ఒంటి మీద పడే సగటు బలం ఆరో వంతుకు తగ్గుతుంది. కారు ముందు భాగం ముడుచుకుపోవడం అంటే ఆ దూరాన్ని కొనిపెట్టడమే.

ఈ సంగతిని కార్ల తయారీలో చాలా ముందే పట్టుకున్నవాడు మెర్సిడెస్ ఇంజినీరు బేలా బరేనీ. ముందు భాగమూ వెనక భాగమూ మెత్తగా ముడుచుకోవాలి, మధ్యలో మనుషులుండే గది మాత్రం పంజరంలా నిలవాలి అన్న ఆలోచనకు 1951లో పేటెంటు కోరాడు. ఆ పద్ధతిలో తయారైన మెర్సిడెస్ డబ్ల్యూ111 కారు 1959లో బజారులోకి వచ్చింది. అదే ఏడాది స్వీడన్‌లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు, అంటే ఇవాళ మనం భుజం మీంచి నడుం మీదుగా లాగి పెట్టుకునే బెల్టు, కార్లలో అమర్చడం మొదలైంది. అంతకుముందు బోలిన్ సాబ్ కంపెనీలో విమానం నుంచి పైలట్‌ను బయటికి విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. ఒంటి మీద ఎంత బలం ఎక్కడ పడాలో అతనికి బాగా తెలుసు. ఆ బెల్టు పేటెంటును వోల్వో మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేసింది. స్వీడన్‌లో జరిగిన 28 వేల ప్రమాదాలను పరిశీలించి, బెల్టు ఎంతగా కాపాడుతోందో 1967లో లెక్కలతో చూపించింది.

అంటే బెల్ ఎయిర్ షోరూమ్‌లో మెరుస్తున్న ఏడాదిలోనే, దాన్ని ప్రమాదకరమైన బండిగా మిగిల్చే రెండు ఆవిష్కరణలూ యూరప్ రోడ్ల మీదికి వచ్చేశాయి. మన అంబాసిడర్ కూడా ఆ కాలపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు తమ్ముడే. ఆ 1950ల నాటి ఒడ్డూ పొడుగుతోనే 2014 దాకా తయారైంది.

యాభై ఏళ్ల పాత కారుతో పోల్చడం అన్యాయం అనేవారికి ఆస్ట్రేలియా నుంచి మరో పరీక్ష ఉంది. అక్కడి భద్రతా సంస్థ ఆన్‌క్యాప్ 2017లో 1998 నాటి టొయోటా కరోలాను, 2015 నాటి కరోలాను అదే 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. కొత్తదానికి 16 మార్కులకు 12.93 వచ్చాయి. పాతదానికి 0.40. ఒకే పేరు, ఒకే కంపెనీ, మధ్యలో 17 ఏళ్లు! ఎయిర్‌బ్యాగ్ లేని ఆ పాత కరోలాలో డ్రైవరు బొమ్మకు తల, ఛాతీ, కాళ్లు అన్నిచోట్లా గట్టి దెబ్బలే.

ఇక మంచు సంగతి. పొడి తారురోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు నొక్కితే, డ్రైవరు తేరుకునే సమయం వదిలేసినా, కారు ఆగడానికి సుమారు 18 మీటర్లు పడుతుంది. గట్టిపడిన మంచు మీద 70 మీటర్లు. గడ్డకట్టిన నీటిపొర మీదైతే 140 మీటర్లు దాటుతుంది. ఆ పొర అద్దంలా ఉంటుంది, దాని కింద తారు నలుపే కనిపిస్తుంది. అందుకే దాన్ని అక్కడ బ్లాక్ ఐస్ అంటారు. కింద నుంచి నేల వెచ్చదనం అందదు కాబట్టి వంతెనలు, ఫ్లైఓవర్లు అన్నిటికంటే ముందు గడ్డకడతాయి.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో జరిగింది అదే. మంచుకు అలవాటు లేని ఊరది. గడ్డకట్టే చినుకులతో ఎత్తైన రోడ్డు జారుడుబల్లగా మారింది. సుమారు 130 వాహనాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఆరుగురు చనిపోయారు. 2015 జనవరి 9న మిషిగన్‌లో ఐ-94 రహదారి మీద 193 వాహనాలు గుద్దుకుంటే, అందులో బాణసంచా వేసుకొస్తున్న లారీ ఒకటి అంటుకుని పేలింది. అన్ని బండ్లు నుజ్జయినా చనిపోయింది ఒక్కరే. అమెరికా కేంద్ర రహదారుల శాఖ లెక్క ప్రకారం మంచు, ఐసు పేరుకున్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు. లక్షా 16 వేల మందికి పైగా గాయపడుతున్నారు.

మంచు మీద జారిన కారు చాలాసార్లు తిన్నగా వెళ్లి గుద్దదు. ముందు అడ్డంగా తిరుగుతుంది. అలా తిరిగితే ఏ చెట్టుకో స్తంభానికో పక్కవాటంగా తగులుతుంది. కారు పక్కభాగంలో ముడుచుకోవడానికి చోటే ఉండదు. కాబట్టి మంచు దేశంలో అసలు పోరాటం కారు తిరగకుండా చూడటమే. దాని వెనక ఒక స్వీడన్ కథ ఉంది. అక్కడ అడవుల్లోంచి దుప్పిలాంటి పెద్ద జంతువు ఎల్క్ హఠాత్తుగా రోడ్డు మీదికి వస్తుంది. దాన్ని తప్పించడానికి స్టీరింగు గబుక్కున పక్కకు తిప్పి, వెంటనే వెనక్కి తిప్పాలి. 1997 అక్టోబరులో ఒక స్వీడిష్ పత్రిక ఇదే పరీక్ష చేస్తుంటే అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఎ-క్లాస్ బోల్తా కొట్టింది. కంపెనీ పరువు పోయింది. అమ్మకాలు ఆపి, ప్రతి కారులోనూ అదనంగా డబ్బు తీసుకోకుండా ఈఎస్‌సీ అనే పరికరం పెట్టాల్సి వచ్చింది. అంతవరకూ అది ఖరీదైన కార్లకే పరిమితం.

డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పాడో, బండి నిజంగా ఎటు తిరుగుతోందో ఈఎస్‌సీ సెకనుకు ఎన్నోసార్లు పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే నాలుగు చక్రాల్లో సరైన ఒక్కదానికి తనంతట తానే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. మనిషి కాలు ఒక్క పెడల్‌తో ఆ పని చేయలేదు. మరో వాహనం ప్రమేయం లేకుండా జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని ఐఐహెచ్ఎస్ తేల్చింది. అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఇది తప్పనిసరి. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది.

ఈ 2012 అన్న అంకె మన పిల్లలకు చాలా ముఖ్యం. చదువుకోవడానికి అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థి చేతిలో ఉండేది కొద్ది డాలర్లు. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో బస్సు అందని చోట గది, పదిహేనేళ్ల కిందటి కరోలా లేదా సివిక్. దాన్ని ముందు వాడిన సీనియర్ 'ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది రా' అంటాడు. ఇంజిన్ నిజంగానే బాగుండొచ్చు. అయితే ఇంజిన్ బాగుండటం వేరు, గుద్దుకున్నప్పుడు కాపాడటం వేరు. ప్రాణాంతక ప్రమాదాలను పరిశీలించిన అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, మూడేళ్ల లోపు కారు నడిపేవాళ్లతో పోలిస్తే 18 ఏళ్లు దాటిన కారు నడిపే డ్రైవరు చనిపోయే అవకాశం 71 శాతం ఎక్కువని లెక్కగట్టింది.

పాత కారు కొనక తప్పకపోతే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఎయిర్‌బ్యాగ్. జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో గాలి నింపే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా తేమా వేడీ ఉన్నచోట, చెడిపోయింది. గుద్దుకున్నప్పుడు అది పేలి ఇనుప ముక్కలు డ్రైవరు మీదికి దూసుకొచ్చాయి. కాపాడాల్సిన వస్తువే ప్రాణాలు తీసింది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల పరికరాలను వెనక్కి పిలిచారు. 2001 నుంచి 2003 మధ్య తయారైన కొన్ని హోండా కార్లలో ముప్పు అన్నిటికంటే ఎక్కువ. కారు మీదుండే 17 అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే ఆ కారుకు ఇంకా మార్చని భాగాలేవో చెబుతుంది. డీలరు దగ్గర ఆ పని ఉచితంగా చేస్తారు.

రెండోది తుప్పు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగు భాగాన్ని, బ్రేకు ఆయిల్ పోయే సన్నటి గొట్టాలను తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా కింద బరువు మోసే చట్రం పొరలు పొరలుగా రాలిపోతూ ఉండొచ్చు. అలాంటి చట్రం బరేనీ అనుకున్నట్టు ముడుచుకోదు. కొనేముందు మెకానిక్కు కాస్త డబ్బిచ్చయినా బండిని పైకి లేపించి అడుగు చూడాలి.

మూడోది టైర్లు. అన్ని కాలాలకూ పనికొస్తాయని అమ్మే టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపలుకు బొమ్మ ఉంటాయి. స్వీడన్‌లో డిసెంబరు నుంచి మార్చి చివరిదాకా రోడ్డు మీద మంచు ఉంటే అలాంటి టైర్లు చట్టప్రకారం తప్పనిసరి, గాడి లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. టైరు మీద డాట్ అక్షరాల చివరుండే నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటే. అది మంచులో కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

అన్నీ చూసుకున్నా బండి జారొచ్చు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకు గట్టిగా నొక్కి పట్టాలి, పెడల్ టకటకా కొట్టుకుంటే కంగారుపడి వదలకూడదు. చూపు ఎదురుగా ఉన్న స్తంభం మీద కాకుండా వెళ్లాల్సిన దారి మీద ఉండాలి, చేతులు అటే తిప్పుతాయి. లావుపాటి చలికోటు మీద బెల్టు పెట్టుకుంటే గుద్దుకున్న క్షణంలో కోటు నలిగి బెల్టు వదులవుతుంది. పిల్లల సీట్లలో ఇది మరీ ప్రమాదం. కోటు విప్పి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పదు.

గుద్దుకున్నాక బతికినవాళ్లను కూడా మంచు వదలదు. వెనక వచ్చే బండ్లు ఆగలేవు కాబట్టి రోడ్డు మీద నిలబడి నష్టం చూసుకోవడం, ఫొటోలు తీయడం ప్రాణాలకే చేటు. మంటో పొగో లేకపోతే, రోడ్డుకు బాగా దూరంగా వెళ్లే వీలు లేకపోతే, బెల్టు పెట్టుకుని లోపలే ఉండి 911కి ఫోన్ చేయాలి. 2022 జనవరిలో వర్జీనియాలో ఐ-95 మీద మంచులో వందల కార్లు ఇరుక్కుపోతే సెనేటర్ టిమ్ కేన్ అంతటివాడే 27 గంటలు కారులో గడిపాడు. అదే వారంలో పాకిస్తాన్‌లోని మర్రీ కొండల్లో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయిన కారులో హీటరు కోసం ఇంజిన్ నడిపితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. అక్కడ కొందరి ప్రాణాలు అలాగే పోయాయని అనుమానించారు. ముందు గొట్టం చుట్టూ మంచు తవ్వాలి. ఆ తర్వాత గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడిపి, అప్పుడు కిటికీ ఒకటి కొంచెం తెరిచి ఉంచాలి. చలికాలమంతా డిక్కీలో చిన్న పార, దుప్పటి, మంచినీళ్లు, ఫోన్ చార్జరు ఉండాలి.

మీ అబ్బాయో అమ్మాయో చలి రాష్ట్రంలో తొలి కారు కొంటున్నానని ఫోన్ చేస్తే మైలేజీ, ధర తర్వాత అడగండి. ముందు 2012 లేదా ఆ తర్వాతి మోడలేనా, విన్ నంబరు కొట్టి చూశావా, అడుగున తుప్పు ఉందా, టైర్ల వయసెంత అని అడగండి. ఈ నాలుగింటికీ సరైన జవాబు రాకపోతే ఇంకో బండి చూసుకోమనండి.