ముసుగులో మనిషా? మానిటర్‌లో బొమ్మా?

మేము ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన కొత్తలో టీవీ గదిలో ముందు వరుస కోసం రోజూ కొట్లాటే. పవర్ రేంజర్స్ వచ్చే రోజైతే చెప్పనక్కర్లేదు. రాక్షసుడు పేలిపోగానే "అదంతా గ్రాఫిక్స్ రా!" అని ఒకడు, "కాదు, లోపల మనుషులున్నారు" అని ఇంకొకడు. వార్డెన్ గారు వచ్చి టీవీ కట్టేసేదాకా ఆ వాదన తెగేది కాదు. ఇప్పుడు పి.జి. చదువుతూ ఆ ప్రశ్నకు జవాబు వెతికి తెలుసుకున్న సంగతులు తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా ఒక విషయం. పవర్ రేంజర్స్ 1993లో అమెరికాలో మొదలైంది. కానీ ఆ మొదటి భాగంలోని పోరాటాలు చాలావరకు జపాన్‌లో తీసినవి. అక్కడ టోయి సంస్థ 1992లో తీసిన 'జ్యూరేంజర్' అనే సీరియల్‌లోని ఫైట్లను తీసుకుని, మిగతా కథను అమెరికా నటులతో తీసి అతికించారు. అంటే ముసుగు తీస్తే కనిపించే ముఖం ఒకరిది, ముసుగు వేసుకుని గాల్లో పల్టీలు కొట్టిన ఒళ్ళు వేరొకరిది!

వంద కిలోల వేషం

ఇలాంటి చిత్రాలను జపాన్ వాళ్ళు 'టొకుసాట్సు' అంటారు. ప్రత్యేక చిత్రీకరణ అని అర్థం. ఈ విద్యకు పెద్దదిక్కు ఎయిజీ త్సుబురాయ. 1933లో వచ్చిన 'కింగ్ కాంగ్' చూసి ఆయన ముగ్ధుడయ్యాడు. అందులో బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమూ తీశారు. 1954లో 'గాడ్జిల్లా' తీసేటప్పుడు అలా చేయడానికి తగిన సమయం లేదు. అందుకని మనిషికే రబ్బరు వేషం తొడిగారు. హరువో నకజిమా అనే నటుడు మోసిన ఆ మొదటి వేషం బరువు సుమారు 100 కిలోలు. పైన స్టూడియో లైట్ల వేడి, లోపల చెమట.

ఆయన తొక్కి కూల్చిన టోక్యో నగరం అసలు కొలతలో 25వ వంతు నమూనా. మరి చిన్న బొమ్మ మేడ కూలితే పెద్ద మేడలా ఎలా కనిపించింది? ఇక్కడ మన హైస్కూలు సూత్రమే పనికొస్తుంది: ఎస్ ఈక్వల్టు హాఫ్ జి టి స్క్వేర్. 25 మీటర్ల మేడ మీది నుంచి ఇటుక నేలకు చేరడానికి సుమారు 2.26 సెకన్లు పడుతుంది. 1 మీటరు నమూనా మీది నుంచి అయితే 0.45 సెకను చాలు. అంటే 5 రెట్లు తొందరగా పడుతుంది. 25కు వర్గమూలం 5 కదా! కాబట్టి సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములు తీసి, వాటిని మామూలు వేగంతో చూపిస్తే లెక్క సరిపోతుంది. కెమెరాను ఇలా వేగంగా తిప్పి తీయడం వల్లనే తెరమీద ఆ బరువు కనిపిస్తుంది.

1966లో త్సుబురాయ సంస్థ టీవీ కోసం 'అల్ట్రామాన్' తీసింది. మొత్తం 39 భాగాలు. వేషంలో ఉన్నది బిన్ ఫురుయా. చేతుల నుంచి వచ్చే కిరణాలను చిత్రకారులు ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీశారు. విమానాలను సన్నని తీగలతో వేలాడదీశారు. 1957లో మన 'మాయాబజార్' కోసం మార్కస్ బార్ట్‌లీ గారు కంప్యూటర్ లేకుండా కెమెరాతో చేసిన మాయలు గుర్తొస్తున్నాయా? ఇదీ ఆ కోవకు చెందిన తెలివే.

అయితే ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. 1971లో 'కామెన్ రైడర్' హీరో హిరోషి ఫుజియోకా చాలా సాహసాలు తానే చేసేవాడు. షూటింగులో బైకు ప్రమాదం జరిగి కాలు విరిగింది. కథ ఆగకుండా రెండో రైడర్‌ను తీసుకురావలసి వచ్చింది.

కంప్యూటర్ వచ్చాక

తర్వాత కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాయి. 2002లో వచ్చిన 'కామెన్ రైడర్ ర్యూకి'లో ఎర్రని డ్రాగన్ హీరో చుట్టూ మెలికలు తిరుగుతూ ఎగురుతుంది. 2006లో వచ్చిన 'కబుటో'లో హీరో వేగం ముందు వాన చినుకులు గాల్లోనే నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. ఇవి తీగలతో, రబ్బరుతో అయ్యే పనులు కావు. పైగా ఎవరి కాలూ విరగదు.

మరి కొన్ని గ్రాఫిక్స్ ఎందుకు తేలిపోతాయి? నమూనా మేడ కూలినప్పుడు దుమ్ము ఎటు లేవాలో, పెంకు ఎక్కడ పడాలో భూమ్యాకర్షణ తనంతట తానే చూసుకుంటుంది. కంప్యూటర్‌లో ఆ లెక్కంతా మనుషులు చేయించాలి. వారం వారం వచ్చే సీరియల్‌కు అంత సమయం, డబ్బు ఉండవు. నమూనాకూ ఇబ్బంది లేకపోలేదు. మేడను చిన్నగా కట్టగలం గానీ నీటి చుక్కను, మంటను చిన్నవి చేయలేం. ఒకసారి కూలిస్తే మళ్ళీ కట్టాల్సిందే.

అందుకే తెలిసినవాళ్ళు రెండింటినీ కలిపి వాడుతున్నారు. 2016లో వచ్చిన 'షిన్ గాడ్జిల్లా'లో మృగం కంప్యూటర్ బొమ్మే. కానీ దాని కదలిక మాన్సాయ్ నొమురా అనే సంప్రదాయ రంగస్థల నటుడిది. 'గాడ్జిల్లా మైనస్ వన్' (2023) 2024లో ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకుంది. అందులోని 610 గ్రాఫిక్స్ షాట్లు చేసింది 35 మంది బృందం. ఆ పడవ సన్నివేశాల కోసం నిజంగానే సముద్రం మీదికి వెళ్ళారు.

కాబట్టి ఆనాటి టీవీ గది వాదనలో ఇద్దరిదీ సగం నిజమే. కానీ "అదంతా గ్రాఫిక్సే" అన్నవాడు ఒక సంగతి మరిచాడు. గ్రాఫిక్స్ వెనక కూడా రాత్రింబవళ్ళు కూర్చున్న మనుషులే ఉంటారు. 2001 నుంచి 2019 వరకు దాదాపు ప్రతి కామెన్ రైడర్ సీరియల్‌లో ప్రధాన హీరో వేషం లోపల ఉన్నది సెయిజీ తకైవా అనే ఒక్క మనిషి. ఆ హీరోలను ఆరాధించిన పిల్లల్లో ఆయన ముఖం ఎందరికి తెలుసు?

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా నాన్న తాపీ పని చేసి లేపిన మేడల మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. అందుకేనేమో, ముసుగు లోపలి మనిషి గురించి తెలిసినప్పుడు మాకు ఆయనే గుర్తొచ్చాడు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి బొమ్మ అయిపోగానే ఛానల్ మార్చకండి. చివర్లో గబగబా పైకి పోయే ఆ చిన్న అక్షరాల పేర్లను ఒక్క నిమిషం చదవండి. పని చేసింది వాళ్ళే.