కమ్మరి కొలిమికి యంత్రపు సమ్మెట

కనిగిరి ప్రాంతపు మెట్ట ఎర్రనేలలలో వాన పదును ఎక్కువ రోజులు నిలువదు. ఆలోగానే కర్రు, గుంటక పాస సాగగొట్టించుకొనవలెను. కొలిమి వద్ద పట్టుకారు పట్టువాడొకడు, సమ్మెట కొట్టువాడొకడు కావలెను. రెండవ మనిషి దొరకనిచో పని ఆగును, నేల పదును పోవును. మీ ఊరి కమ్మరితో కలిసి యంత్రపు సమ్మెటను చేయించుకొన్నచో ఈ చిక్కు తీరును.

పాత లారీ కమాను బద్దల కట్టను మధ్యలో ఇరుసుపై నిలుపవలెను. ముందు కొనకు 10 కిలోల సమ్మెటను బిగించి, వెనుక కొనను చక్రపు అంచున ఉన్న మేకుకు కడ్డీతో కలుపవలెను. కమాను బదులు వంగని ఇనుప దూలము వాడినచో, మందపు ఇనుము అడ్డుపడినపుడు యంత్రము బిగుసుకొనును. కమాను వంగి ఆ తేడాను సర్దుకొనును.

నిమిషమునకు 1440 చుట్లు తిరుగు 1 హార్సుపవరు మోటారుకు 3 అంగుళముల పుల్లీ, చక్రపు ఇరుసుకు 18 అంగుళముల పుల్లీ వేసినచో నిమిషమునకు సుమారు 240 దెబ్బలు పడును. బెల్టు వదులుగా ఉండి, కాలితో తొక్కినపుడే బిగియవలెను.

దాగలి బరువు సమ్మెటకు పదింతలు, అనగా 100 కిలోలకు తగ్గరాదు. తేలికైనచో దెబ్బ బలము నేల పాలగును.

బెల్టుకు, చక్రమునకు రేకు తొడుగు తప్పనిసరి. విరిగిన బద్ద ఎగిరిపడకుండ కమానుకు ఇనుప కాపు ఉంచవలెను.

ఇనుము నారింజ రంగుకు కాగినపుడే కొట్టవలెను. ముదురెరుపుకు చల్లారిన పిదప కొట్టిన పగులును. యంత్రము బలము నిచ్చును గాని, కాక తెలిసిన కన్ను కమ్మరిదే.