కన్యకామఠములు

కాన్వెంటు అను మాట వినని యిల్లు నేడు తెలుగునాట లేదు. పిల్లవానికి మెడపట్టీ కట్టి, కాలికి బూట్లు తొడిగి, ఇంగ్లీషు చదువునకు పంపు ప్రతి బడియు మనకు కాన్వెంటే. అందు సన్న్యాసిని యొక్కతెయు లేకున్నను, బడి నడుపువారు క్రైస్తవులు గాకున్నను, ఆ పేరు మాత్రము చెల్లిపోవుచున్నది. ఆ మాటకు మూలార్థము వేఱు. పెండ్లి మానుకొని, తమదన్న సొత్తు లేక, ఒక నియమమునకు లోబడి కలసి జీవించు క్రైస్తవ స్త్రీల నివాసమే కాన్వెంటు. మన క్రైస్తవ సోదరీమణులు దానిని కన్యకామఠమనియు, అందలి వారిని మఠకన్యలనియు పిలుతురు.

ఈ మఠకన్యలను గూర్చి మన యిండ్లలో రెండు విధములైన మాటలు వినవచ్చును. "అయ్యో, మగడును బిడ్డలును లేని బ్రతుకేమి బ్రతుకు!" అని జాలిపడువారు కొందఱు. "వంటయింటి పొగ లేదు, అత్త యారళ్లు లేవు, వారిదే సుఖము" అని నిట్టూర్చువారు కొందఱు. రెండును వారి చరిత్ర నెఱుగక యన్న మాటలే యని మా తలంపు. ఈ స్త్రీలు తరతరములుగా ఏమి కోరిరో, దానికై ఎవరితో పెనగులాడవలసి వచ్చెనో తెలిసినచో, జాలియు అసూయయు గూడ కొంత తగ్గును.

సన్న్యాసినీ సంఘము మన దేశమునకు క్రొత్త గాదు. అమరావతి స్తూపమునకు శిలలు సమర్పించిన దాతలలో బౌద్ధ భిక్షుణులును, వారి శిష్యురాండ్రును గలరని ఆ శిలలమీది శాసనములే చెప్పుచున్నవి. ఆ సంఘములు కాలక్రమమున మన నేలపై నశించెను. మరల స్త్రీలు కూడి యొక నియమము క్రింద జీవించు మఠములు తెలుగుతీరమునకు వచ్చుట పందొమ్మిదవ శతాబ్దమున, అదియు సముద్రము దాటి.

క్రైస్తవ సన్న్యాసము ఐగుప్తు దేశపు టెడారులలో మొలకెత్తినదని చెప్పుదురు. దానికి తండ్రియని పేరొందినవాడు మూడవ శతాబ్దమున బుట్టిన అంతోని. తలిదండ్రులు పోయిన పిమ్మట అతడు తన భూములను విడిచి ఏకాంతమునకు బోయెను. పోవుటకు ముందు తన చెల్లెలిని కొందఱు కన్యకల యొద్ద నుంచెనని, అతని చరిత్ర వ్రాసిన అతనాసియసు చెప్పుచున్నాడు. ఈ చిన్న సంగతిని పలువురు చదివి దాటిపోవుదురు. మనము మాత్రము నిలిచి చూడవలెను. తండ్రియని కీర్తింపబడినవాడు ఎడారికి బోకమునుపే, కన్యావ్రతము పూనిన స్త్రీలు ఊరిలో నున్నారన్నమాట! తరువాతి శతాబ్దమున పకోమియసు అనునాతడు సన్న్యాసుల నొకచోట జేర్చి మఠము గట్టగా, అతని సోదరి స్త్రీల మఠమునకు పెద్దయయ్యెను. ఆసియామైనరులో మక్రీన అను నామె తల్లి నొప్పించి, ఇంటి దాసీలను తోడివారిగా జేసికొని, ఒకే పంక్తిని భుజించుచు మఠజీవనము సాగించెను. ఆమె తమ్ములు బసీలు, గ్రెగొరీలు గొప్ప మతాచార్యులైరి. అక్కగారి చరిత్రను వ్రాసినవాడు గ్రెగొరీయే.

ఆరవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు వ్రాసిన నియమము జపమునకు, పనికి, చదువునకు వేళలు విభజించి యిచ్చెను. ఐరోపాలోని మఠములు పెక్కింటికి అదియే ఆధారమయ్యెను. ఇంగ్లండులో విట్బీ మఠమున స్త్రీపురుషు లుభయులును హిల్డా అను నామె యాజ్ఞలో నుండిరి. 664లో గొప్ప మతసభ అచ్చటనే జరిగెను. జర్మనీలో హిల్డెగార్డు (1098–1179) మూలికలను గూర్చియు రోగములను గూర్చియు గ్రంథములు వ్రాసెను. రాణులకు దప్ప అన్యస్త్రీలకు అధికారమన్నది తెలియని కాలమున, భూములను, ధాన్యమును, లెక్కలను, మనుష్యులను ఏలిన స్త్రీలు ఈ మఠాధిపతులే.

అయినను అంతయు బంగారము గాదు. మఠమున జేరుటకును కట్నము దేవలసి యుండెను! కట్నము దెచ్చిన కలవారి బిడ్డలు గుడిలో లాటిను ప్రార్థనలు పాడుదురు. తేలేని బీదబిడ్డలు వంటయు బట్టలుతుకుటయు చేయుదురు. పెండ్లిచేయ స్తోమత లేని తండ్రులు కూతుండ్ర నిష్టము లేకయే మఠములకు పంపుటయు గలదు. కట్నపు పీడ దేవుని వాకిటిదాక వెంబడించుట మాకు మిక్కిలి బాధ కలిగించిన విషయము.

మఱి పెద్ద చిక్కు గోడ. 1298లో ఎనిమిదవ బోనిఫాసు అను పోపు, సన్న్యాసినులు మఠప్రాకారము దాటరాదని శాసించెను. 1563లో త్రెంతు మహాసభ దానిని మరల బిగించెను. బయటికి బోయి బాలికలకు చదువు చెప్పవలెననియు, రోగుల కుపచారము చేయవలెననియు తలచిన స్త్రీల గతి యేమి? ఇంగ్లండు వనిత మేరీ వార్డు గోడ లేని సంఘమును స్థాపింపబూనగా, 1631లో ఆ సంఘమును రద్దుచేసి, ఆమెను మ్యూనికు పట్టణమున ఖైదుచేసిరి. ఆమె యనుయాయినులు పట్టు విడువలేదు. కలకత్తాకు 1841లో వచ్చిన లోరెటో సోదరీమణులు ఆమె సంతతివారే. మదర్ తెరెసా మొదట చేరినదియు వారి సంఘమే.

ఫ్రాన్సులో ఉపాయము వేఱొకటి దోచెను. 1650లో లె పుయి పట్టణమున సెయింట్ జోసఫ్ సోదరీమణులు చిన్న చిన్న గుంపులుగా సామాన్యుల యిండ్లవంటి యిండ్లలో నివసించి, లేసు అల్లి పొట్ట పోసికొనుచు, ఆ పనినే బీదపిల్లలకు నేర్పిరి. (మన నరసాపురపు లేసు ప్రసిద్ధమే గదా! అది మాత్రము వేఱు మిషనరీలు తెచ్చిన విద్య.) ఫ్రెంచి విప్లవమున వీరిలో ననేకులు చెఱసాల పాలైరి. పిమ్మట మరల లేచిన శాఖలలో ఆనెసీ శాఖ యొకటి. ఆ శాఖవారే 1849లో యానాము చేరి విశాఖపట్టణమున నెలకొనిరి. సూయజు కాలువ 1869లో గాని తెరువబడలేదు. అప్పటి యోడ ప్రయాణ మెట్టిదో చదువరులే యూహింపవచ్చును. 1871లో ఇటలీ దేశపు టూరిను నుండి సెయింట్ ఆన్ సోదరీమణులు సికింద్రాబాదు వచ్చిరి. 1904లో హాలండు దేశపు జీసస్ మేరీ జోసఫ్ సంఘమువారు గుంటూరు చేరిరి.

మా బోగోలు తీరమున ఈ మఠములకంటె అమెరికను బాప్టిస్టుల పేరే ముందు వినబడినది. వారు 1840 నుండి నెల్లూరున నిలిచి, కావలి, రామాయపట్టణము మొదలగు చోట్ల వ్యాపించిరి. నెల్లూరునకు ప్రత్యేకముగా కతోలిక మేత్రాసన మేర్పడుట 1928లో. బాప్టిస్టులకు గాని లూథరనులకు గాని మఠము లేదు. మార్టిన్ లూథరు తానే సన్న్యాసము విడిచి, 1525లో మఠము విడిచిన కతరీనాను వివాహమాడెను. కాని పెండ్లి మాని సేవకే యంకితమైన స్త్రీలు వారిలోను గలరు. డాక్టరు ఆన్నా కుగ్లరు అను లూథరను వనిత 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీల కాసుపత్రి తెఱచి, 1930లో మరణించువఱకు ఆ యూరనే యుండెను.

అదే గుంటూరున కతోలిక సోదరీమణుల కొక వింత యిబ్బంది. ఎదుట రోగిష్ఠి స్త్రీలు. ఘోషా వలననో సిగ్గు వలననో పురుష వైద్యుని చేయి తగులనీయనివారు. మొరటు మంత్రసాని చేతిలో కాన్పులు. సోదరీమణులు మందు గుళికలీయవచ్చును, పుండ్లు గడుగవచ్చును. కాని మఠదీక్ష పూనినవారు పోపు ప్రత్యేకానుమతి లేనిదే వైద్యవృత్తి చేయరాదని శ్రీసభ ధర్మశాస్త్రము. కన్యావ్రతము పట్టినవారికి పురిటిగది తగదని పెద్దల తలంపు. వ్రతమునకు భంగమని యెంచి ప్రాణమునకు భంగము రానిచ్చుట యే ధర్మమో మాకు దెలియదు. ఈ యడ్డును తొలగింపుమని రోమునకు విన్నవించుకొనిన మొదటివారిలో స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెసు మెక్లారెన్ యొకతె. రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి వెలయుటకును ఆమెయే కారకురాలు. తన కోరిక నెరవేరుట చూడకయే 1913లో ఆమె కన్నుమూసెను.

ఆమె జీవితమును గూర్చిన చిన్న పుస్తక మొకటి 1915లో మెల్బోర్ను పట్టణమున మేరీ గ్లౌరీ అను యువవైద్యురాలి చేతబడెను. ఈమె 1887లో ఆస్ట్రేలియాలో జన్మించి, 1910లో వైద్యపట్టము పొంది, నగరమున మంచి పేరు సంపాదించినది. కతోలిక స్త్రీల సంఘ మొకదానికి 1916లో మొదటి యధ్యక్షురాలైనది. హిందూదేశమున తల్లులును శిశువులును వైద్యము లేక చనిపోవుచున్నారని చదివి, అచ్చటికే పోవలెనని నిశ్చయించుకొనెను. వెంటనే బయలుదేరలేదు. యుద్ధము ముగియువఱకు ఆగి, కాన్పు వైద్యమునను నేత్రవైద్యమునను మఱింత చదివి, 1919లో పెద్ద పట్టము గడించి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరెను. మా ప్రాంతమువారు బిట్రగుంటలో రైలెక్కి తెనాలిలో బండి మారినచో చేరు ఆ యూరికి, ఆమె భూగోళమున సగము చుట్టి వచ్చెను.

ఆమె జీసస్ మేరీ జోసఫ్ సంఘమున జేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అను పేరు గైకొనెను. పదునైదవ బెనెడిక్టు పోపు ఆమెకు వైద్యము చేయ ప్రత్యేకానుమతి యొసగెను. మఠదీక్షతో వైద్యవృత్తి నడుపుట కట్టి యనుమతి పొందిన మొదటి సన్న్యాసినీ వైద్యురాలు ఈమెయే యని చెప్పుదురు. మొదట నున్నది చిన్న ఔషధశాల. అది పెరిగి సెయింట్ జోసఫ్ ఆసుపత్రి యయ్యెను. అంతటితో నాగక ఆమె మన బాలికలకు మందులు కలుపుటయు, రోగుల కుపచరించుటయు, కాన్పు చేయుటయు నేర్పెను. తన చేతులు రెండే యని, నేర్పిన చేతులు వందలగునని యామె యెఱిగినట్లున్నది.

పదునాఱేండ్లు గడచిన పిమ్మట, 1936 ఫిబ్రవరి 11వ తేదీన రోము నుండి క్రొత్త యాజ్ఞ వెలువడెను. అన్యదేశ సేవలో నున్న సన్న్యాసినులు వైద్యము నభ్యసించి చేయవచ్చుననియు, కాన్పులు చేయవచ్చుననియు అందు గలదు. దానికై పాటుపడినవారిలో ఆస్ట్రియా వైద్యురాలు ఆన్నా డెంగెలు ముఖ్యురాలు. ఆమె మెక్లారెన్ ప్రోత్సాహముననే వైద్యము చదివి, రావల్పిండిలో పనిచేసి, 1925లో అమెరికాలో వైద్య సేవికల సంఘమును స్థాపించినది. గుంటూరు ఆసుపత్రి పనియు మౌనముగా సాక్ష్యమిచ్చి యుండవలెనని మా నమ్మకము.

1943లో 16 మంది సన్న్యాసినులు గుంటూరున సమావేశమై, దేశమునందలి కతోలిక ఆసుపత్రుల నన్నిటిని కలుపు సంఘము నొకదానిని నెలకొల్పిరి. వారికి నాయకురాలు సిస్టర్ మేరీయే. ఆమె 1957 మే నెలలో బెంగుళూరున కాలధర్మము నొందెను. శ్రీసభ 2013లో ఆమెను దైవసేవకురాలని ప్రకటించెను. ఆ సంఘపు కార్యాలయము నేడు సికింద్రాబాదున గలదు. పెద్ద యాసుపత్రులే గాక, ఇద్దఱు ముగ్గురు సోదరీమణులు నడుపు పల్లెటూరి మందులశాలలును అందులో సభ్యులుగా నున్నవి.