దుబాయి పెట్టెలో చల్లని సామాను

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. పెట్టెలో మామిడికాయ తొక్కు, సకినాలు తప్పనిసరి. మరి ఎండను తట్టుకునే సామానో?

వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే వదులైన పొడుగు చేతుల నూలు చొక్కాలు, మెడను కప్పే రుమాలు, ఓఆర్ఎస్ పొట్లాలు సర్దుకోవాలి. ముఖానికి దట్టంగా క్రీము, పౌడరు వద్దు, చెమటతో ముద్దకడతాయి. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోవాలి.

దాహం వేసేదాకా ఆగొద్దు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలనట్టే. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే మూత్రపిండాలకు ముప్పు.

నీడ పొందే హక్కూ ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధం. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 - సెప్టెంబరు 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు.

తోటివాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ వైద్యులకు కబురు చేయాలి.

ఇక్కడి నుంచి ఫోన్ చేసేవాళ్లూ 'పైసలు పంపినవా' అనేకంటే ముందు 'నీళ్లు తాగినవా' అని అడగాలి.