కరెంటు కారు - సర్వీసు ఖర్చు ఎంత?



గేదెను కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తామా? చూడం. మేతకు ఎంత, దాణాకు ఎంత, జబ్బు చేస్తే మందులకు ఎంత అని లెక్క వేస్తాం. కారు కూడా అంతే. కొన్న తర్వాత దాని బాగోగులకు పెట్టే ఖర్చే సర్వీసు ఖర్చు.

ఇప్పుడు కరెంటుతో నడిచే కార్లు వస్తున్నాయి. కొందరు అప్పు తీసుకుని కొని, కిరాయికి తిప్పుతున్నారు. "దీనికి ఖర్చే ఉండదు" అని కొందరు అంటారు. "బ్యాటరీ పోతే కొంప మునిగినట్టే" అని ఇంకొందరు భయపెడతారు. ఏది నిజం? చూద్దాం.

ఏ ఖర్చు తగ్గుతుంది?

పొలం దగ్గర ఆయిలింజను చూశారు కదా. కరెంటు మోటారూ చూశారు. ఆయిలింజనులో డీజిల్ మండుతుంది. పొగ వస్తుంది. లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. అందుకే నూనె పోయాలి. ఆ నూనె నల్లబడితే మార్చాలి. కరెంటు మోటారులో ఏదీ మండదు. అది గుండ్రంగా తిరుగుతుంది, అంతే.

కార్లలోనూ ఇదే తేడా. కరెంటు కారుకు ఇంజను ఆయిలు ఉండదు. ఆయిలు ఫిల్టరు ఉండదు. స్పార్కు ప్లగ్గులు, సైలెన్సరు ఉండవు. అందువల్ల మామూలు సర్వీసు ఖర్చు పెట్రోలు, డీజిల్ కార్ల కంటే తక్కువే అవుతుంది.

ఏ ఖర్చు ఉంటుంది?

టైర్లు అరుగుతాయి. బ్యాటరీ బరువు వల్ల కొంచెం తొందరగానే అరగవచ్చు. బ్రేకులు మాత్రం తక్కువ అరుగుతాయి. ఎందుకంటే, కాలు తీయగానే మోటారే కారును నిదానం చేస్తుంది. అప్పుడు పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది.

బ్రేకు ఆయిలు, ఏసీ ఫిల్టరు, వైపరు బ్లేడ్లు అప్పుడప్పుడు మార్చాలి. లైట్లకు, హారనుకు ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది. అదీ కొన్నేళ్లకు మార్చాలి.

పెద్ద ఖర్చు ఏది?

పెద్ద బ్యాటరీ. కారులో అన్నిటికంటే ఖరీదైన వస్తువు అదే. అది ఒక్కసారిగా పాడవడం తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది. ఒకసారి ఛార్జి చేస్తే ఇదివరకు పోయినంత దూరం పోదు. ఎక్కువ వేడి తగిలినా, మాటిమాటికీ ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టినా తొందరగా బలం తగ్గుతుంది.

అందుకే వారంటీ కాగితం చదవాలి. వారంటీ అంటే, ఇంతకాలం లోపల తయారీ లోపం వల్ల పాడైతే కంపెనీయే బాగు చేస్తుందని ఇచ్చే మాట. ఉదాహరణకు, 2020లో అమ్మకానికి వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇచ్చారు. రెండిటిలో ఏది ముందు వస్తే అక్కడికి సరి.

ఈ మాట చాలా ముఖ్యం. లెక్క చూడండి. కిరాయి కారు రోజుకు 100 కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. ఏడాదికి 300 రోజులు. మొత్తం 30,000 కిలోమీటర్లు. ఈ లెక్కన 1,60,000 కిలోమీటర్లు 5 ఏళ్ల 4 నెలలకే అయిపోతాయి. కారు అప్పు 7 ఏళ్లకు తీసుకుంటే? వారంటీ పోయాక కూడా దాదాపు 20 నెలలు కిస్తీ కట్టాలి. ఆ లోపల బ్యాటరీ పాడైతే ఖర్చు మనదే. అదీగాక, కిరాయి బండ్లకు వారంటీ వేరేగా ఉండవచ్చు. కొనకముందే అడగాలి.

బిల్లు చూసి డబ్బు కట్టండి

బిల్లులో మూడు ఉంటాయి. సామాను ధర, పని కూలి, జీఎస్టీ పన్ను. ఒక్కొక్క వరుసా చదవండి. కరెంటు కారు బిల్లులో "ఇంజను ఆయిలు" అని ఉంటే, "లేని ఇంజనుకు ఆయిలు ఎందుకు?" అని అడగండి. గేరు పెట్టెలో పోసే నూనె వేరు. అది ఉండవచ్చు.

సర్వీసు చేయించిన ప్రతిసారీ పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, ముద్ర వేయించుకోండి. సర్వీసు తప్పితే వారంటీ ఇవ్వమని కంపెనీ అనవచ్చు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నా జంకకండి. అంకెలు మనకు వచ్చు. మిగతాది చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఒక జాగ్రత్త. నారింజ రంగు తొడుగు ఉన్న తీగలను ముట్టుకోవద్దు. వాటిలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లే చేయాలి.

లెక్క చేయండి

1. ఒక కారు రోజుకు 50 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగింది. 8 ఏళ్లకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

2. పైన చెప్పిన వారంటీలో ఈ కారుకు ఏది ముందు వస్తుంది? ఏళ్లా? కిలోమీటర్లా?

3. మీ ఇంట్లో ఫ్యానుకో, మిక్సీకో వారంటీ కార్డు ఉందా? తీసి చదవండి. గడువు ఎప్పటిదాకా ఉందో మీ పక్కింటామెకు చెప్పండి.